దేశం ఎవరి పక్కన నిలబడాలి, తమ్ముణ్ణి సైన్యానికి పంపాలా వద్దా

ప్రశ్న: అక్కా, మాది సోంపేట దగ్గర పల్లె. నాన్న ఆర్మీలో హవల్దారుగా చేసి వచ్చేశారు, పెన్షన్ మీద ఉన్నారు. అన్నయ్యకి విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పండక్కి ఇంటికొస్తే చాలు, టీవీ ముందు ఇద్దరికీ గొడవే. రష్యా తప్ప మనకి ఆపదలో నిలబడినవాడు లేడని నాన్న. చైనాని ఆపాలంటే అమెరికాతో గట్టిగా చేతులు కలిపేయాలి, ఇంకా గోడ మీద పిల్లిలా ఉంటే కుదరదని అన్నయ్య. మొన్న సంక్రాంతి నుంచి మాటలు కూడా లేవు. వీళ్ళ మధ్య మా తమ్ముడు, పంతొమ్మిదేళ్ళు, తెల్లవారి నాలుగింటికి లేచి హైవే పక్కన రన్నింగ్ చేస్తున్నాడు, అగ్నివీర్ కోసం. అమ్మ రాత్రిళ్ళు పడుకోవట్లేదు. "లోకమంతా యుద్ధాలే అవతన్నాయి, ఈ గుంటడు ఇప్పుడే ఎల్లాలా" అని ఒకటే ఏడుపు, వాడితో మాట్లాడి ఆపమని నా మీద పడుతోంది. అసలు మన దేశం ఎవరి పక్కన ఉండాలి? యుద్ధం వస్తుందా? వాణ్ణి ఆపనా?

జవాబు: చెల్లీ, ముందు నీ చివరి ప్రశ్నకి చెప్పేస్తాను, అవతల మీ అమ్మ నిద్ర మానుకుని ఉంది కాబట్టి. యుద్ధం వస్తుందేమోనన్న భయంతో తమ్ముణ్ణి ఆపొద్దు. వాణ్ణి అడగాల్సినవి వేరే ఉన్నాయి, కింద చెబుతాను. వాటికి వాడి దగ్గర జవాబు లేకపోతే అప్పుడు ఆగి ఆలోచించుకోమను.

ఇక నాన్న, అన్నయ్యల గొడవ. నేను విజయనగరంలో చాలా ఏళ్ళు డిగ్రీ పిల్లలకి చరిత్ర చెప్పాను. ఈ ప్రశ్న మన నేలకి కొత్తది కాదు, ఒకసారి దీనికి తప్పు జవాబు చెప్పి చాలా పోగొట్టుకున్నాం. బొబ్బిలి యుద్ధం గురించి మన జిల్లాల్లో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, కానీ మనం చెప్పుకునేది తాండ్ర పాపారాయుడి పౌరుషం దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాతి ముప్పై ఏడేళ్ళూ ఎవరూ చెప్పుకోరు, అసలు పాఠం అక్కడే ఉంది.

అప్పటికి ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ ఐరోపాలో ఒకరి మీద ఒకరు కత్తులు దూసుకుని ఉన్నారు, ఆ పోటీ మన కోస్తా దాకా వచ్చింది. విజయనగరం విజయరామరాజుకి పక్కనే ఉన్న బొబ్బిలితో పాత పగ. ఆ పగ తీర్చుకోవడానికి ఫ్రెంచి సేనాని బుస్సీని, అతని ఫిరంగుల్ని తోడు తెచ్చుకున్నాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది, కోటలో ఆడవాళ్ళు, పిల్లలతో సహా. మూడు రాత్రుల తర్వాత పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజుని చంపేశాడు. ఇక్కడివరకూ నీకు తెలుసు. తర్వాత వచ్చిన ఆనందరాజుకి ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు, ఏడాది తిరిగేసరికి ఆయన ఇంగ్లీషువాళ్ళకి కబురు పెట్టాడు, బెంగాల్ నుంచి క్లైవ్ కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు, 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. అప్పట్లో అది విజయనగరానికి గెలుపులాగే కనిపించి ఉంటుంది. 1766కల్లా నిజాం కూడా ఒప్పుకున్నాడు, సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో, ఎక్కువ భాగం ఇంగ్లీషువాళ్ళ ఈస్టిండియా కంపెనీ చేతిలోకి పోయింది. 1794 జులై 10న పద్మనాభంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఆ కంపెనీ సైన్యం చేతిలోనే చనిపోయాడు, పేష్కష్ (కప్పం) బాకీ కట్టలేదని, సైన్యాన్ని తగ్గించలేదని. ఏ కంపెనీని కబురు పెట్టి పిలిచారో ఆ కంపెనీయే.

పద్మనాభం వెళ్ళిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. ఆ రాజుల్ని తిట్టడానికి చెప్పట్లేదు ఇదంతా. బయటివాడి దగ్గర ఫిరంగి తీసుకోవడం వాళ్ళ తప్పు కాదు, అందరూ తీసుకున్నారు. ఫిరంగి అరువు, దాన్ని పేల్చే మనిషి అరువు, చివరికి ఎవరితో ఎప్పుడు రాజీ పడాలో చెప్పే నోరు కూడా అరువైపోయింది, అదీ జరిగిన నష్టం. ఇవాళ దేశ రక్షణ గురించి ఎవరేం చెప్పినా నేను ఈ ఒక్కటే చూస్తాను, ఆ ఆఖరి మాట చెప్పే హక్కు మన దగ్గర మిగిలిందా లేదా అని.

ఇప్పుడు మీ నాన్న మాట. ఆయన రష్యా మీద పెట్టుకున్న నమ్మకం ఊరికే వచ్చింది కాదు. 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకని బంగాళాఖాతంలోకి పంపింది, మీ బారువ తీరంలో నిలబడితే కనిపించే ఈ సముద్రంలోకే. అదే నెల 3వ తేదీ రాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ బయట మునిగిపోయింది. ఆ రోజుల్లో మన వెనక ఎవరు నిలబడ్డారో ఆ తరం మర్చిపోదు, మర్చిపోకూడదు కూడా.

కానీ అప్పటి సోవియట్ వేరు, ఇప్పటి రష్యా వేరు. 2022 ఫిబ్రవరి నుంచి ఉక్రెయిన్‌లో ఇరుక్కుపోయింది, తన సైన్యానికే ఆయుధాలు చాలని పరిస్థితి. 2018లో మనం ఐదు ఎస్-400 గగనతల రక్షణ క్షిపణి స్క్వాడ్రన్లకి డబ్బు ఒప్పుకుంటే మూడు వచ్చాక మిగతావి ఏళ్ళ తరబడి వెనకబడ్డాయి. పైగా రష్యా ఇవాళ చైనా మీద ఆధారపడి బతుకుతోంది. రేపు హిమాలయాల్లో మనకీ చైనాకీ గట్టిగా వస్తే, 1971లోలా రష్యా మన వెనక నిలబడుతుందని ఎవరు హామీ ఇస్తారు? ఢిల్లీ ఈ లెక్క ఎప్పుడో మార్చుకుంది. స్టాక్‌హోంలోని ఆయుధాల కొనుగోళ్ళ లెక్కలు కట్టే సిప్రీ సంస్థ ప్రకారం 2010-14 మధ్య మనం బయట కొన్న ఆయుధాల్లో 72 శాతం రష్యావి, 2020-24 మధ్య 36 శాతం. నాన్నకి ఈ రెండు అంకెలూ చూపించు, ఆయన ఫౌజీ మనిషి, అర్థం చేసుకుంటారు.

మీ అన్నయ్య చైనా గురించి చెప్పేది కూడా నిజమే, నేను ఒక్క మాట తీసేయను. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో ఇరవై మంది మన జవాన్లు చనిపోయారు, వాళ్ళ కమాండింగ్ ఆఫీసర్ సూర్యాపేట వాడు, కల్నల్ సంతోష్ బాబు. ఇంకొకటి చూడు. సిప్రీ ప్రకారమే 2020-24లో పాకిస్తాన్ కొన్న ఆయుధాల్లో 81 శాతం చైనావి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరుగుతున్నప్పుడు చైనా పాకిస్తాన్‌కి ఎప్పటికప్పుడు సమాచారం అందించిందని అప్పటి మన సైన్యం ఉప అధిపతి లెఫ్టినెంట్ జనరల్ రాహుల్ సింగ్ బహిరంగంగానే చెప్పారు. అంటే పడమట ఒక శత్రువు, ఉత్తరాన ఒక శత్రువు అని విడివిడిగా లెక్కేసుకునే రోజులు పోయాయి. అలాంటప్పుడు అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో కలిసి సముద్రం మీద కసరత్తు చేయడంలో తప్పేముంది? 2024 అక్టోబరులో ఈ నాలుగు దేశాల నేవీల మలబార్ విన్యాసాలు మన విశాఖలోనే జరిగాయి. హిందూ మహాసముద్రంలో సబ్‌మెరైన్లని వెతికే మన నేవీ పీ-8ఐ విమానాలు అమెరికావే, చాలా పనికొస్తున్నాయి.

అయితే అన్నయ్య ఒకటి మర్చిపోతున్నాడు. ఆ నాలుగు దేశాల గుంపులో చైనాతో భూమి సరిహద్దు ఉన్నది మనకొక్కరికే, 3,488 కిలోమీటర్లు. మిగతా ముగ్గురికీ మధ్యలో సముద్రం ఉంది. తైవాన్ కోసం రేపు అమెరికా, చైనా కొట్టుకుంటే, మనం సంతకం పెట్టిన సైనిక కూటమిలో ఉంటే, మొదటి దెబ్బ లడఖ్‌లోనో అరుణాచల్‌లోనో తగులుతుంది. వాళ్ళు అలిసిపోయి రాజీ పడిన రోజున ఇంటికి వెళ్ళిపోతారు, చైనా మాత్రం మన పక్కింట్లోనే ఉంటుంది.

ఇంకా, అమెరికా మనకి మంచి స్నేహితుడే కావచ్చు, కానీ దాని లెక్క దానిది. 1998లో మనం అణుపరీక్షలు చేస్తే ఆంక్షలు పెట్టింది. 2021లో మన తేజస్ యుద్ధ విమానాలు 83 ఆర్డర్ ఇచ్చాం, వాటికి ఇంజన్ అమెరికా నుంచి రావాలి, మొదటి ఇంజన్ 2025 మార్చిలో వచ్చింది. అక్కడ ఎవరూ మన మీద పగ పట్టలేదు, వాళ్ళ ఫ్యాక్టరీ ఇబ్బందులు వాళ్ళవి, అయినా మన విమానం షెడ్డులో ఉండిపోయింది. 2025 ఆగస్టు 27న మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచారు, అందులో సగం రష్యా ఆయిలు కొంటున్నామనే కోపంతో. ఆ దెబ్బ ఢిల్లీ కన్నా ముందు మన రొయ్యల చెరువుల గట్ల మీద తెలిసింది. అలా అని అమెరికాతో చెడగొట్టుకోమని కాదు. విమానాలు కొనాలి, కసరత్తులు చేయాలి, టెక్నాలజీ అడగాలి, కానీ నీ గొడవ నా గొడవ అని రాసి ఇవ్వకూడదు. రష్యాతోనూ అంతే.

దీన్ని మీ అన్నయ్య గోడ మీద పిల్లి అంటే నేను ఒప్పుకోను, కానీ ఒక షరతు మీద. ఎవరి పక్కనా చేరకుండా ఉండటం ఉచితంగా రాదు, అది అన్నిటికన్నా ఖరీదైన దారి. కూటమిలో ఉన్నవాడికి ఇంకొకడి గొడుగు ఉంటుంది, మన గొడుగు మనమే కుట్టుకోవాలి. ఆ పనిలో మనం కొన్నిచోట్ల బాగా చేశాం. అరిహంత్, దాని తర్వాత 2024 ఆగస్టులో నేవీలో చేరిన అరిఘాత్, రెండు అణు సబ్‌మెరైన్లూ విశాఖలో కట్టినవే. అణ్వాయుధం మనం ముందు వాడం అని 2003లో దేశం ప్రకటించింది. ముందు వాడనన్నవాడి దగ్గర, మొదటి దెబ్బ తిన్నాక కూడా మిగిలి ఉండి తిరిగి కొట్టగలిగేది ఒకటి ఉండాలి, లేకపోతే ఆ మాటకి విలువ లేదు. సముద్రం అడుగున ఎక్కడుందో ఎవరికీ తెలియని సబ్‌మెరైన్ అందుకే. నీ అన్నయ్య ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ పక్కన నించుని ఫోటో దిగే ఉంటాడు, ఈసారి ఆ సంగతి గుర్తు చేసుకోమను.

వెనకబడినవీ ఉన్నాయి. 2022లో నేవీలో చేరిన మన సొంత విమానవాహక నౌక విక్రాంత్‌ని నడిపే గ్యాస్ టర్బైన్లు అమెరికా డిజైన్. సొంత ఫైటర్ ఇంజన్ ఇప్పటికీ లేదు. 2024-25లో చైనాతో మన వ్యాపార లోటు దాదాపు 99 బిలియన్ డాలర్లు, అంటే ఎవరితో సరిహద్దులో ఎదురెదురుగా నిలబడ్డామో వాళ్ళ సరుకుతోనే మన ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల అయస్కాంతాల మీద ఆంక్షలు పెట్టేసరికి మన కార్ల కంపెనీలు కంగారు పడ్డాయి. మోటార్లు, క్షిపణులు, రాడార్లు అన్నింటికీ అవే అయస్కాంతాలు కావాలి. ఆ అరుదైన ఖనిజాలు ఉండే మోనజైట్ మన భావనపాడు, కళింగపట్నం ఇసకలోనే ఉంది! ఖనిజం మన కాళ్ళ కింద, అయస్కాంతం చైనా చేతిలో. (ఇసక తవ్వి తీరం పాడు చేయమని నేను అనట్లేదు, ఆ ఊళ్ళవాళ్ళని అడగకుండా ఒక్క తట్ట కూడా తీయకూడదు. తీసిన దాన్ని మాత్రం ముడిసరుకుగా అమ్ముకోకుండా అయస్కాంతం దాకా ఇక్కడే చేయగలగాలి.)

టీవీలో ఎవరూ మాట్లాడని ఇంకో సంగతి, నాకు చాలా బాధగా ఉండే సంగతి. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేటకి వెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయారు. 2020 జనవరిలో వాఘా దగ్గర విడిచిపెట్టే వరకూ ఇంటిదగ్గర ఆడవాళ్ళు ఏడాదికి పైగా కళ్ళల్లో వత్తులేసుకుని చూశారు. రెండు దేశాల పగ చివరికి ఎవరి మెడకి చుట్టుకుంటుందో చూడు. 190 కిలోమీటర్లకి పైగా సముద్రం ఉన్న శ్రీకాకుళం జిల్లా కుర్రాళ్ళు వేటకి గుజరాత్‌లోని వీరావల్ ఎందుకు వెళ్ళాలి? ఇక్కడ పడవ కట్టుకోవడానికి సరైన జెట్టీ లేక. 2008లో ముంబై మీద దాడి చేసినవాళ్ళు వచ్చింది ఒక చేపల పడవ మీదే, ఆ పడవని మన మత్స్యకారుల దగ్గర లాక్కుని. ఆ తర్వాతే తీరం పొడవునా మెరైన్ పోలీస్ స్టేషన్లు, మత్స్యకారులకి గుర్తింపు కార్డులు వచ్చాయి. కొత్త పడవ కనిపిస్తే మొదట పసిగట్టేది కళింగపట్నం వేటగాడే, రాడార్ తర్వాత. ఆ మనిషిని బతుకుతెరువు కోసం గుజరాత్ తరిమేసి తీరానికి కాపలా పెట్టామంటే ఎలా కుదురుతుంది? మంచినీళ్ళపేటలోనో బుడగట్లపాలెంలోనో మంచి జెట్టీ ఉండటం కూడా నా దృష్టిలో దేశ రక్షణే, ఇది నేను ఎక్కడైనా గట్టిగా చెబుతాను.

యుద్ధం వస్తుందా అంటే, రాదని నేనే కాదు ఎవరూ ప్రమాణం చేయలేరు. ఒకటి మాత్రం చూశాం, 2025 మే 7న మొదలైనది 10వ తేదీకి ఆగింది. రెండువైపులా అణ్వాయుధాలు ఉన్నప్పుడు ఎవరికైనా చెయ్యి వెనక్కి లాగుతుంది. చైనాతో కూడా గల్వాన్ తర్వాత నాలుగేళ్ళు నలిగి, 2024 అక్టోబరులో దెప్సాంగ్, డెమ్‌చోక్‌ల దగ్గర గస్తీ మీద ఒప్పందానికి వచ్చారు. ఎక్కువగా జరిగేది ఇదే, ఏళ్ళకి ఏళ్ళు చలిలో, ఎత్తులో, ఎదురెదురుగా నిలబడటం. మీ నాన్నని అడుగు, ఆయన సర్వీసులో కాల్పులు జరిగిన రోజులెన్ని, ఊరికే కాపలా కాసిన రాత్రులెన్ని అని.

తమ్ముడి సంగతికి వస్తాను. వాడికి మీ నాన్నకి వచ్చిన ఉద్యోగం రాదు, ఇది ఇంట్లో అందరికీ స్పష్టంగా తెలియాలి. అగ్నివీర్ నాలుగేళ్ళు. మొదటి ఏడాది చేతికి నెలకి 21,000, చివర్లో సేవానిధి అని ఒక్కసారిగా ఇచ్చే మొత్తం వడ్డీతో కలిపి దాదాపు 11.71 లక్షలు. నాలుగేళ్ళయ్యాక వందలో పాతిక మందినే ఉంచుకుంటారు. మిగతావాళ్ళకి పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. దీని వెనక డబ్బు సంగతి ఉందని నేను అనుకుంటాను, 2025-26లో రక్షణకి 6.81 లక్షల కోట్లు ఇస్తే అందులో 1.6 లక్షల కోట్లు పెన్షన్లకే, కొత్త ఆయుధాలకీ సామగ్రికీ ఇంచుమించు 1.8 లక్షల కోట్లు. ప్రభుత్వం ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయినా ఈ పద్ధతి నాకు నచ్చలేదు. చైనాలాంటి దేశం ముందు ఏళ్ళ తరబడి నిలబడాల్సిన సైన్యానికి, పని వంటబట్టిన మనుషుల్ని సరిగ్గా అప్పుడే ఇంటికి పంపేయడం మంచిది కాదు, ఆ పాతిక శాతం ఇంకా పెరగాలి.

కాబట్టి వాణ్ణి ఇవి అడుగు. ఇరవై నాలుగేళ్ళకి ఇంటికి తిరిగొస్తే ఏం చేస్తావు? కేంద్ర బలగాల్లో అగ్నివీరులకి రిజర్వేషన్ ఇచ్చారు, ఆ పరీక్షకి సర్వీసులో ఉండగానే చదువుతావా? అగ్నివీరులకి ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ కోర్సు పెట్టింది, ట్రైనింగ్‌కి కూడా అందులో మార్కుల లెక్క ఉంటుంది, మొదటి ఏడాదే చేరతావా? సేవానిధి డబ్బు స్లాబుకీ, బండికీ, అక్క పెళ్ళికీ కాకుండా నీ పేరునే ఉంచుతావా? (చెల్లీ, ఈ చివరిది నువ్వు కూడా అమ్మానాన్నలతో కూర్చుని ముందే మాట్లాడాలి, ఎందుకంటే డబ్బు వచ్చిన రోజున ఇంట్లో అవసరాలన్నీ ఒక్కసారే గుర్తొస్తాయి.) వాడు వీటికి తడుముకోకుండా చెబితే పంపించు, గర్వంగా పంపించు.

పరుగొక్కటే నమ్ముకోవద్దని కూడా చెప్పు. ఇప్పుడు ముందు కంప్యూటర్ మీద రాత పరీక్ష, అది దాటితేనే గ్రౌండ్. గ్రౌండ్‌లో 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లోపు ముగిస్తే పూర్తి మార్కులు, కాళ్ళు గట్టిగా ఉండి లెక్కల్లో పోయిన కుర్రాళ్ళు మన జిల్లాలో ఎంతమందో. హైవే పక్కన చీకట్లో పరిగెత్తడం మానేసి, హైస్కూల్ గ్రౌండ్‌కి వెళ్ళమను, లారీలు చూసుకోవు. నేవీకి కూడా అప్లై చేయమను, వాళ్ళ ట్రైనింగ్ ఒడిశాలో మీకు దగ్గర్లోనే, ఐఎన్‌ఎస్ చిల్కాలో. ఉద్యోగం ఇప్పిస్తానని ఎవడైనా డబ్బు అడిగితే ఒక్క రూపాయి ఇవ్వొద్దు, వాడు ఎంత దగ్గర చుట్టమైనా సరే, ఈ సెలక్షన్‌లో డబ్బుకి చోటు లేదు.

అమ్మతో నువ్వు మాట్లాడితే సరిపోదు, నాన్న మాట్లాడాలి. మీ ఇంట్లో యూనిఫాం వేసుకుని ఆ చలిలో నిలబడ్డ మనిషి ఆయనొక్కరే, ఆ అనుభవమంతా అన్నయ్యతో వాదించడానికే ఖర్చవుతోంది. ఆయన ఇల్లు వదిలి మొదటిసారి రైలెక్కిన రోజు వాళ్ళమ్మ ఏం చేసిందో, తనకి ఎక్కడ భయమేసిందో, ఎలా తట్టుకున్నాడో ఒక సాయంత్రం టీవీ కట్టేసి అమ్మ పక్కన కూర్చుని చెప్పమను, తమ్ముణ్ణి కూడా కూర్చోబెట్టుకుని. ఆ రోజుకి అన్నయ్యని కూడా పిలు, విశాఖ నుంచి ఒక పూట ప్రయాణమే కదా. రాత పరీక్ష రిజల్టు వచ్చాక, ఎలా వచ్చినా సరే, నాకు రాయి.